మగ్గం మీది గాజు పెంకు

నేను ఒక గాజు పెంకును. పెంకు అనగానే మీ కళ్ల ముందు ఎర్రమట్టి పెంకు మెదిలే ఉంటుంది. కాస్త ఆగండి. కొలతలు అవే, గాడులు అవే, ఒంపు అదే. కానీ నాలోంచి వెలుగు ఇంట్లోకి దిగుతుంది. కప్పు మీద ఇన్ని వందల పెంకులున్నా ఆకాశంలో ఏం జరుగుతోందో, ఇంట్లో ఏం జరుగుతోందో రెండూ ఒక్కసారే చూడగలిగేదాన్ని నేనొక్కదాన్నే. మట్టి పెంకుల వీపు ఎండకి, పొట్ట చీకటికి. మనుషుల సంగతి సరేసరి, నడినెత్తి మీద ఉన్నదాన్ని వాళ్లు చూడరు, అది ఊడి కాళ్ల ముందు పడేదాకా. అందువల్ల నాకు కాస్త గర్వం ఉన్నమాట నిజం. ఉన్నది చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. ఎక్కడో ఉత్తరాదిన ఒక గాజు కొలిమిలో ఇసుకా, పగిలిన సీసాలూ కలిపి కరిగించి, ఆ ముద్దను ఇనప అచ్చులో పోసి నొక్కారు. గడ్డిలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి రైలెక్కించారు. కాకినాడలో దిగాను. అక్కడ ఇనప సామాన్ల కొట్టాయన కొనడానికి వచ్చినవాళ్ల ముందు నన్ను మొహానికి అడ్డం పట్టుకుని, నా ముక్కు కనబడుతోందా లేదా చెప్పండి అని అడిగేవాడు. ముక్కు కనబడేది, కాస్త వంకరగా. గాజులో లోపమేమో అనుకునేవారు జనం. దగ్గర్నుంచి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ముక్కే వంకర.

నన్ను మొదట కొన్నది ఒక ప్లీడరు గారు. ఆయన తన రాతబల్ల మీద వెలుగు పడాలని, సరిగ్గా దానికి పైన నన్ను వేయించుకున్నారు. వెలుగు బాగానే పడింది. ఎండాకాలం వచ్చేసరికి మాత్రం బల్ల మీద కాకుండా ఆయన బట్టతల మీద పడింది. ఆయన బల్ల జరిపారు. సూర్యుడూ జరిగాడు. ఏడాది పొడుగునా ఆ బల్ల గదంతా తిరిగింది కానీ, నా మీద ఒక గోనెపట్టా కప్పితే సరిపోతుందని అంత చదువుకున్న ఆయనకు తట్టలేదు. చివరికి పెంకుటిల్లంటేనే విసుగొచ్చి, దాన్ని విప్పించి డాబా వేయించారు. ఇక జన్మలో కప్పు వంక చూడక్కర్లేదని వచ్చినవాళ్లందరికీ చెప్పారు.

అన్నట్టుగానే చూడలేదు. పెరట్లో నూతి పక్కన మట్టి పెంకుల దొంతర మీద పడి ఉన్న నేను చూశాను. వేపాకులు రాలి డాబా మీది తూము పూడుకుపోయింది. వానాకాలమంతా నీళ్లు అక్కడే చెరువులా నిలబడ్డాయి. ముందు, పెరటి కిటికీలోంచి చూస్తే లోపల కప్పు మీద అరచేతంత తడిమచ్చ కనబడింది. దసరాకి దానిమీద సున్నం వేయించారు. మరుసటేడు మచ్చ పెద్దదయింది, మళ్లీ సున్నం. ఆ తర్వాత సిమెంటు పొంగి పెచ్చు ఊడింది, లోపలి ఇనప చువ్వ తుప్పు పట్టి ఎర్రగా బయటికొచ్చింది. అప్పుడు నాకో సంగతి అర్థమైంది. కప్పు ఎప్పుడూ చెప్పకుండా కూలదు. ఎంతో ముందే కబురు పంపుతుంది. మనుషులు ఆ కబురును శుభ్రంగా తుడిచేసుకుంటారు.

ఆ పెరట్లోకి ఒకనాడు పాత పెంకులు కావాలని తాతారావు అనే నేతగాడు వచ్చాడు. ప్రతి పెంకునూ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఖణేల్‌మన్నదాన్ని ఒక పక్కన, మొద్దుగా పలికినదాన్ని ఇంకో పక్కన పెట్టాడు. మొద్దుగా పలికిందంటే లోపల కంటికి కనపడని పగులుందన్నమాట. నన్ను కొట్టి చూడలేదు. రెండు చేతులతో ఎత్తి ఎండకు పట్టి, చాలాసేపు అలాగే చూశాడు. ఈ వెలుగు మగ్గం మీద పడితే ఎలా ఉంటుందో అని ఆలోచిస్తున్నాడని తర్వాత తెలిసింది.

అలా నేను కాకినాడకు పైన, సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఉన్న ఒక నేతగాళ్ల వీధికి చేరాను. తాతారావు నన్ను తన మగ్గానికి సరిగ్గా పైన, ఎడంపక్క వాసాన్ని ఆనుకుని కూర్చోబెట్టాడు. మగ్గమంటే గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, గుంజలు పాతి, నేతగాడు గుంటలోకి కాళ్లు దింపి కూర్చుంటాడు. పడుగు దారాలను పైకీ కిందికీ ఆడించే చట్రం ఒకటి ఉంటుంది, అది పైన రెండు వాసాలకు రెండు తాళ్లతో వేలాడుతుంది. అంటే సగం మగ్గం నేల మీద, సగం మగ్గం ఇంటి కప్పు మీద ఆధారపడి ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

సముద్రం దగ్గర కప్పుగా బతకడం తమాషా కాదు. ఉప్పుగాలికి మేకులు తుప్పు పట్టి సన్నబడిపోతాయి. ఎండాకాలం మధ్యాహ్నం నిప్పులా కాగి ఉన్న పెంకు మీద ఒక్కసారిగా వాన పడితే టక్కుమని వెంట్రుకంత పగులిస్తుంది. నడికొప్పు మీద, అంటే రెండు వాలులూ పైన కలిసే చోట, వేసిన సున్నం బీటలు వారుతుంది. గాలి కూడా అందరూ అనుకున్నట్టు పైనుంచి కొట్టి కప్పును పడగొట్టదు. చూరు కింద దూరి, లోపల్నుంచి ఎత్తుతుంది. సముద్రం వైపు తలుపు తెరిచి ఉందంటే మరీ సులువు. ఇవన్నీ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నూకరత్నానికి ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల వచ్చిన మొదటి వానాకాలంలోనే తనంతట తనే పట్టేసింది.

తాతారావు పోయాక ఆ మగ్గంలో కూర్చున్నది ఆవిడే. భర్త వీరభద్రం సొసైటీ షెడ్డులో నేసేవాడు. అత్త మాణిక్యం గుమ్మం దగ్గర కూర్చుని నూలు కండెలు చుట్టేది. నూకరత్నం ఏం చేసేదో చెబుతాను వినండి. వాన వెలిశాక, పట్టపగలు, తలుపులు కిటికీలూ మూసేసి ఇంటి మధ్యలో నిలబడి పైకి చూసేది. చీకట్లో ఎక్కడ చుక్కలా వెలుగు కనబడితే అక్కడ పెంకు జారిందన్నమాట. వెదురుగడకు తడిగుడ్డ చుట్టి నన్ను లోపల్నుంచి తుడిచేది. నడికొప్పు మీద పడిన కొబ్బరిమట్టను ఒక్కపూట కూడా ఉండనిచ్చేది కాదు. గోడ మీద చెదపురుగుల మట్టిగీత కనబడితే చీపురుతో దులిపి ఊరుకోకుండా, అది ఎక్కడిదాకా పోయిందో వేలు పెట్టి వెతుక్కుంటూ పోయేది. ఇలాంటి మనిషిని నేను ముందెప్పుడూ చూడలేదు. నాకు ఆవిడంటే మహా ఇష్టం. దాచుకోవాల్సిన పనేముంది?

అటువంటి మనిషి కూడా పొరబడింది. ఎందుకు పొరబడిందో చెప్పాలంటే ముందొచ్చిన గాలివాన సంగతి చెప్పాలి.

అది పెద్ద గాలివానేమీ కాదు. వీధిలో ఇంటికి పదో ఇరవయ్యో పెంకులు పగిలాయి. మర్నాడు మగవాళ్లంతా లుంగీలు ఎగ్గట్టి కప్పులెక్కారు. పగిలినవి తీశారు, కొత్తవి నేశారు. మా వైపు పెంకులు వేయడాన్ని కూడా నేయడమే అంటారు, దాంతో ఈ నేతగాళ్లకు ఆ పని కూడా తమదేనన్న ధీమా. పొద్దు వాలేసరికి కప్పులన్నీ దువ్విన తలల్లా నున్నగా ఉన్నాయి. వీరభద్రం కిందికి దిగి చేతులు దులుపుకున్నాడు. నా పైవరసలో ఒక పెంకు పగల్లేదు, వేలెడు కిందికి జారింది, అంతే. చూడ్డానికి నిక్షేపంలా ఉంది. పక్క పెంకు అంచు దాని మీదికి రావడంతో లోపల్నుంచి వెలుగు చుక్క కూడా పడలేదు. పగిలినదానికోసం వెతికే కంటికి జారినది కనపడదు. నాకు కనబడింది. నోరుంటే అరిచేదాన్ని.

ఆ సందులోంచి వాననీరు చుక్కచుక్కగా ఎడం వాసం మీదికి దిగి, దాని వెంటే నడిచి, గోడ తల మీద వాసం కూర్చున్న చోట ఇంకడం మొదలుపెట్టింది. అక్కడ గోడ మట్టిగోడ.

ఇక నేతగాళ్ల ఇళ్లలో ఒక అలవాటుంది. పెంకుల మట్టి, బల్లుల చెత్త పడుగు మీద రాలకుండా మగ్గానికి పైన ఒక పాత పంచె అడ్డంగా కట్టుకుంటారు. మా ఇంట్లోనూ కట్టారు, నా వెలుగు దిగడానికి మధ్యలో చదరంగా కత్తిరించి. వాసాలు దాని వెనకాల ఉండిపోయాయి. కారిన నీళ్లలో కొంత ఆ పంచె పీల్చుకుని పసుపుపచ్చ మచ్చ కట్టింది. నూకరత్నం అది చూసింది. చూసి ఏం చేసింది? పంచె విప్పి, సబ్బు పెట్టి బాది, మచ్చ పోగొట్టి, ఆరేసి, మళ్లీ తెచ్చి కట్టేసింది. నాకు ప్లీడరు గారి సున్నం గుర్తొచ్చింది. కానీ ఈవిడ విషయంలో నవ్వు రాలేదు. పడుగు మీద మురికి చుక్క పడకూడదన్న ధ్యాసలో ఆ ఒక్కరోజు పైకి చూడటం మరిచిపోయింది.

కొన్నాళ్లకు గుడ్డలో తేడా వచ్చింది. ఎడం అంచు వదులుగా పడుతోంది. నూకరత్నం చూస్తే చట్రం ఎడంపక్క కాస్త దిగి ఉంది. తాడు సాగిందనుకుని ముడి విప్పి, బిగించి కట్టింది. సరిపోయింది. మరికొన్నాళ్లకు మళ్లీ దిగింది, మళ్లీ కట్టింది. వీరభద్రం మగ్గం పాతదైపోయింది, గుంజలు మార్చాలన్నాడు. మాణిక్యం కండె తిప్పుతూ, తల ఎత్తకుండానే తన తీర్పు తను చెప్పింది.

"కాలు బరువమ్మా నీకు. ఎడం కాలు అంతలా తొక్కితే దిగదా మరి?"

నూకరత్నం ఆ మాట పట్టించుకుని ఎడం కాలు తేలిగ్గా వేయడం అలవాటు చేసుకుంది. సాయంత్రానికి పిక్క పట్టేసేది. అయినా చట్రం దిగుతూనే ఉంది, ఆవిడ తాడు ఎగలాగి కడుతూనే ఉంది. పైన కూర్చుని ఇదంతా చూడటం నాకు ప్రాణసంకటంగా ఉండేది. దిగుతున్నది చట్రం కాదు, నేను ఆనుకున్న వాసం. దానితోపాటు నేనూ దిగుతున్నాను.

అలా ఉండగా అమ్మవారి చీర వంతు మా ఇంటికొచ్చింది. ఆ వీధివాళ్ల కులదేవత చౌడమ్మవారు. ప్రతి ఏటా జాతరకి ఒక ఇంటివాళ్లు అమ్మవారికి నూలు చీర నేసి కట్టబెడతారు. మరుసటేడు కొత్త చీర కట్టాక పాత చీర ఆ నేసిన ఇంటికే తిరిగొస్తుంది. ఆ ఇంటి పెద్దావిడ దాన్ని కట్టుకుని గుడికి వెళుతుంది. దీనికొక నియమం ఉంది. అమ్మవారి చీర మగ్గమెక్కిందంటే పూర్తయ్యేదాకా కత్తెర తగలకూడదు, మధ్యలో మగ్గం దించకూడదు. మాణిక్యానికి ఆ చీర కట్టుకోవాలని ఎన్నాళ్లుగానో ఆశ. వంతు వచ్చిందని తెలిసిన రోజు ఆవిడ కండెలు కూడా చుట్టలేదు, వీధంతా తిరిగి చెప్పుకొచ్చింది.

నూకరత్నం పసుపుపచ్చ నేల మీద ఎర్ర అంచుతో చీర మొదలుపెట్టింది. సగం నేసింది. అప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని, అది తుఫానుగా మారి మా వైపే వస్తోందని టీవీలో చెప్పడం మొదలైంది.

ఆ పొద్దున చట్రం మళ్లీ దిగింది. ఆవిడ అలవాటుగా తాడు బిగించడానికి లేచింది. చెయ్యి ముడి మీద వేసి అలాగే ఆగిపోయింది. ఎడం తాడును చూసింది, కుడి తాడును చూసింది. ఎడమది కుడిదానికంటే జానెడు పొట్టిగా ఉంది. అయినా చట్రం ఎడంపక్క పైకి లేవలేదు సరికదా, ఇంకా కాస్త కిందికే ఉంది. ఆవిడ కళ్లు ఆ తాడు వెంట మెల్లగా పైకెక్కుతుంటే నా గాజు గుండె ఆగినంత పనైంది. భర్తను కేకేసింది.

"ఏవండీ, ఇలా రండి. తాడు ఇంత పొట్టిదైతే చట్రం పైకి లేవాలి కదండీ. లేవలేదు. మరి దిగిందేంటి?"

వీరభద్రం చట్రాన్ని చూశాడు, గుంజలను చూశాడు, భార్య కాళ్లకేసి కూడా చూశాడు. ఆవిడ జవాబు కోసం ఆగలేదు. పీట మీద పీట వేసుకుని ఎక్కి, పంచె ముడులు తెంపి పారేసింది. వాసం మసిబారి నల్లగా, చూడ్డానికి గట్టిగానే ఉంది. గోడ దగ్గర బొటనవేలితో నొక్కింది. వేలు సగందాకా లోపలికి దిగిపోయింది.

 వీరభద్రం మాత్రం, తుఫాను ఎప్పట్లాగే పైకి తిరిగిపోద్దిలే, ఈలోపు చీర నేసేయ్, జాతరయ్యాక వాసం మారుద్దాం అన్నాడు.

"వాసానికి జాతర సంగతి తెలీదండీ" అంది నూకరత్నం.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, వాసం మార్చాలంటే దానికింద మగ్గం ఉండకూడదు. గుంటలో పాతిన గుంజలకు బిగిసిన మగ్గం అది, ఎత్తి పక్కన పెట్టడానికి మంచం కాదు. నేసిన సగం చీర కోసి తీసి, మిగిలిన పడుగు చుట్టి లోపల పెట్టుకోవాల్సిందే. ఆ మాట వినగానే మాణిక్యం చేతిలో కండె కిందపడింది. అమ్మవారి చీర మధ్యలో కొయ్యడమా అంది. తను కాపురానికొచ్చాక ఎన్ని గాలివానలు రాలేదు, ఎప్పుడైనా ఎవరైనా కోశారా అంది. ఏడ్చింది కూడా. ఆవిడ ఏడుపు దొంగ ఏడుపు కాదు, ఆ భయం నిజమైన భయం. నాకు ఆవిడ మీద కోపం రాలేదు.

"అమ్మవారి గుడికి స్లాబుందత్తయ్యా, మనకి లేదు" అంది నూకరత్నం. గొంతు పెంచలేదు.  అత్త చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పీట మీదికెక్కించి, నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకుని, నొక్కి చూడమంది.

మాణిక్యం నొక్కింది. వాసం పొట్టు ఆవిడ నెరిసిన జుట్టు మీద రాలింది. వేలు వెనక్కి తీసుకుని చూసుకుంది. తర్వాత కింద సగం నేసి ఉన్న చీరకేసి, దాని పక్కనే పరిచి ఉన్న తన చాపకేసి చూసింది. రోజూ పడుకునేది ఆ వాసం కిందే. పీట దిగి, దేవుడి గూట్లో దీపం వెలిగించి, కత్తెర తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. చీర అంచు తనే బిగించి పట్టుకుంది.

"కొయ్యమ్మా. పాపం ఏదన్నా ఉంటే ఇంటికి పెద్దదాన్ని, నా మీదే రాసుకుంటుందిలే ఆ తల్లి."

నేను ఎన్నో మాటలు విన్నాను. ప్లీడరు గారి గదిలో పెద్దపెద్ద వాదనలు విన్నాను. ఈ మాట ముందు అవన్నీ దిగదుడుపు. కత్తెర పడుతున్నంతసేపూ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ మధ్యాహ్నమే వడ్రంగి బ్రహ్మాజీ వచ్చాడు. నన్ను తీసి గోనె మీద పడుకోబెట్టారు. ఎడం వాసం కిందికి దింపుతుంటే గోడ దగ్గర కొస విరిగి వాళ్ల చేతుల్లోకే వచ్చేసింది. గాలి అక్కర్లేదు, పెద్ద వాన చాలు దానికి అన్నాడు బ్రహ్మాజీ. నానిన గోడ తల చెక్కేసి ఇటుక కట్టారు, కొత్త వాసం దానిమీద కూర్చోబెట్టి ఇనప బద్దీతో బిగించారు. జారిన పెంకు దొరికింది. వీరభద్రం దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. దానిమీద గీత కూడా లేదు. చూరు వరసలన్నీ తీగతో కట్టారు, నడికొప్పు బీటలు పూడ్చారు. నన్ను మళ్లీ నా చోట కూర్చోబెట్టారు.

తుఫాను పైకి తిరగలేదు. మర్నాడు పొద్దున మొదలైంది. సముద్రం ఒడ్డువాళ్లను ముందే బడిలోకి తరలించారు. మా వీధి ఇవతల ఉంది కాబట్టి ఇళ్లలోనే ఉండమన్నారు. నూకరత్నం సముద్రం వైపు తలుపుకి రోకలి అడ్డం పెట్టి కట్టేసింది. కాసేపటికి ఎదురింటి రేకులు లేచాయి. మేకుల చుట్టూ తుప్పు తిని బెజ్జాలు పెద్దవైపోయిన రేకులవి, గాలికి కాగితాల్లా పోయాయి. ఆ ఇంటివాళ్లు పిల్లల్ని చంకనేసుకుని మా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చారు. మగ్గం తీసేసిన చోటే అందరూ కూర్చున్నారు, సరిగ్గా నా కింద, కొత్త వాసం కింద.

గాలి చూరు కింద చేతులు పెట్టి కప్పును ఎత్తాలని చూసింది. తీగలు మూలిగాయి. మధ్యాహ్నానికి పెరట్లో కొబ్బరిచెట్టు తల విరిగి వచ్చి దబ్బున నా మీదా, నా పక్కనా పడింది. చుట్టూ ఉన్న మట్టి పెంకులు పొడైపోయాయి. నాకు ఈ మూల నుంచి ఆ మూలకు పగులిచ్చింది. కింద పిల్లలు కెవ్వుమన్నారు. వాసం ఒక్కసారి వంగింది, మళ్లీ లేచింది, నిలబడింది. వీరభద్రం రెండు చేతులూ దానికి ఆనించి నిలబడ్డాడు, తనే మోస్తున్నట్టు. దాన్ని మోయాల్సిన అవసరం లేదని తెలిసినా చేతులు దించలేదు. వానా, పెంకుముక్కలూ మనుషుల మీద పడ్డాయి కానీ కొబ్బరితల మాత్రం కప్పు మీదే ఆగిపోయింది. ఎవరికీ గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. పాత వాసమే ఉండి ఉంటే ఏమయ్యేదో కింద కూర్చున్నవాళ్లకంటే నాకే బాగా తెలుసు. మాణిక్యం మాత్రం గాలి తగ్గేదాకా సగం చీర మూటను ఒళ్లో పెట్టుకుని, కోడలి భుజం వదలకుండా కూర్చుంది.

పగిలిన పెంకు పనికిరాదు, కొత్తది తెద్దామన్నాడు వీరభద్రం. నూకరత్నం ఒప్పుకోలేదు. నా పగులు వెంట రెండు పక్కలా తారు పూసి, నన్ను అక్కడే ఉంచింది. మగ్గం మళ్లీ బిగించి మిగతా సగం నేసింది. రెండు ముక్కలూ కలిపి మాణిక్యమే కుట్టింది, అతుకు పైకి కనపడనంత సన్నగా. గుడిలో పూజారికి దాచకుండా అంతా చెప్పింది. ఆయన అంతా విని చీర అందుకుని అమ్మవారికి కట్టాడట. కొత్త పంచె మాత్రం నూకరత్నం ఇప్పుడు ముడులేసి కట్టదు. తెరలాగా పక్కకి లాగేలా ఉంగరాలు పెట్టింది.

ఇప్పుడు మా వీధిలో కొత్త అలవాటొకటి వచ్చింది. గాలివాన వెలిసిన మర్నాడు మగవాళ్లు కప్పులెక్కే లోపలే, ఆడవాళ్లు మగ్గాల దగ్గరికి పోయి ఎడం తాడూ కుడి తాడూ పక్కపక్కన పెట్టి చూస్తారు. తాడు పొట్టిదవుతూ ఉంటే తప్పు తాడుది కాదని అందరికీ తెలిసింది. ఎవరి కాలు బరువనీ ఎవరూ అనడం లేదు.

ఏడాది తిరిగింది. జాతర రోజు పొద్దున్నే గుడి నుంచి అమ్మవారి పాత చీర మా ఇంటికొచ్చింది. పళ్లెంలో పెట్టి, పసుపూ కుంకుమా చల్లి తెచ్చారు. ఆ చీర కోసమే ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాణిక్యం దాన్ని తీసుకుని సరిగ్గా నా వెలుగు కిందికి వచ్చింది. మడత విప్పి, వేలితో తడుముకుంటూ పోయి అతుకు దగ్గర ఆగింది. కోడల్ని పిలిచింది.

"ఇదిగో, ఈ అతుకు దగ్గరే మన ఇల్లు నిలబడింది. నువ్వు కట్టుకో."

నూకరత్నం వద్దంది, పెద్దవాళ్లుండగా తనేంటంది. మాణిక్యం వినిపించుకోలేదు. చీర ఆవిడ భుజం మీద వేసి, కుచ్చిళ్లు తనే పెట్టింది. నేను ఉన్న వెలుగంతా వాళ్లిద్దరి మీదా పోశాను. నా తారు గీత నీడ ఒకటి వాళ్ల మధ్య పడింది, దానికి నేనేం చేయలేను.

బయల్దేరబోతూ గుమ్మం దగ్గర నూకరత్నం వెనక్కి తిరిగి పైకి చూసింది. పసుపుపచ్చ చీరలో, కళ్లలో నీళ్లతో, చాలాసేపు చూసింది. నన్నే చూస్తోందనుకుని పొంగిపోయాను. కాదు. నా పక్కన వాసం గోడ మీద ఆనిన చోటు చూస్తోంది. చూసి, అంతా బాగానే ఉందని తల పంకించి, తలుపు దగ్గరికి వేసి అత్తతో కలిసి వెళ్లిపోయింది.